మూడొందల మంది తిన్న కుందేలు

జెప్పికి ఒకటే జబ్బు. యుద్ధకాలంలో మాల్టా దీవి మీద దిగిన ప్రతి పైలట్టూ వాళ్లమ్మ వండిన కుందేలు కూర తిన్నాడంటాడు. కెనడావాడు తిన్నాడు, న్యూజీలాండువాడు తిన్నాడు, పోలండువాడు తిని వేళ్లు నాకాడు. మొత్తం కలిపితే మూడొందల మందికి తక్కువ ఉండరు. కుందేలు మాత్రం ఒకటే.

అదీ ఏ రోజుల్లో? నలభై రెండులో. ఆ ఏడు వాళ్ల ఊరు హల్ సైద్ వీధుల్లో పిల్లి కనిపిస్తే జనం దానివంక అదోలా చూసేవాళ్లట. సర్కారు వంటశాలలో మేక తోకను ముంచి తీసిన నీళ్లను పులుసని పోసేవాళ్లు. అలాంటి కరువులో వెల్లుల్లి దట్టించి, వైనులో మగ్గబెట్టిన కుందేలు ఒకటి మూడొందల మందిని పోషించిందంటే నమ్మడానికి ఊరేం వెర్రిదా? నమ్మలేదు గాని పేరు మాత్రం పెట్టింది. కుందేలు జెప్పి.

ఆ దీవిలో ఎగతాళి పేరంటే ఆషామాషీ కాదు. ఇంటిపేరు చర్చి పుస్తకంలో పడుంటుంది, ఎగతాళి పేరు మునిమనవల దాకా వెంట పడుతుంది. కాఫీకొట్టు స్పిరు వాళ్ల ముత్తాత ఒకసారి ప్రార్థనలో గురక పెట్టాడు. ఇవాళ్టికీ స్పిరు గురక స్పిరుయే. అతని కూతుర్ని చూడటానికి వచ్చిన పెళ్లివారు కూడా "గురకవాళ్ల ఇల్లెక్కడ?" అని అడుగుతూ వచ్చారు.

జెప్పి రోజూ పొద్దున్నే కుర్చీ భుజాన వేసుకుని పాత రన్‌వే దగ్గరికి పోయి కూర్చుంటాడు. ఇప్పుడది రన్‌వే అంటే దానికే సిగ్గు. పగుళ్లలో ముళ్లపొదలు మొలిచాయి. ఒక చివర తుప్పు కార్లు, ఇంకో చివర ఎవరివో మేకలు. ఇంగ్లీషువాళ్లు పొలాలు లాక్కుని గోడలు కూల్చి దాన్ని పరిచారు, పని కాగానే వదిలేసి పోయారు. దాని కింద ఉన్న మట్టి ఇక ఏ పంటకూ పనికి రాదు. ఆ దిక్కుమాలిన చోటికే ఎక్కడెక్కడి నుంచో చనిపోయిన పైలట్ల కొడుకులూ కూతుళ్లూ వస్తారు, ఒక్క జ్ఞాపకం దొరక్కపోతుందా అని.

దొరుకుతుంది. జెప్పి ఉన్నాడుగా.

"మీ నాన్నా? ఎర్రజుట్టాయన కదూ?"

"కాదండీ, నల్లజుట్టు."

"అదే, ఎండలో ఎర్రగా కనిపించేది. మా అమ్మ కుందేలు కూర పెడితే కాలు ముక్క ఏరుకుని తిన్నాడు."

వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని, నవ్వుకుని, అతనితో ఫొటో దిగి పోయేవాళ్లు. సాయంత్రం కొట్లో స్పిరు పట్టుకునేవాడు.

"జెప్పీ, ఆ కుందేలుకి కాళ్లెన్ని?"

"నాలుగు. నీ కుందేలుకైతే ఎన్ని?"

"ఈ వారంలోనే ఆరుగురికి కాళ్లు పెట్టావయ్యా."

"పరాయి దేశం నుంచొచ్చిన బిడ్డకి, మీ నాన్నకి మెడ ముక్క వేశామని చెప్పమంటావా? మర్యాద ఉండొద్దూ?"

కొట్లో అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఫిలోమెనా ఒక్కతే నవ్వేది కాదు.

ఫిలోమెనా జెప్పి అక్క కూతురు. యాభై దాటిన మనిషి. ఊరి బ్యాండు మేళం వాళ్ల క్లబ్బు మేడమీద యుద్ధం నాటి ఫొటోలూ, వంగిన ప్రొపెల్లరూ ఉన్న గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఆ గదిలో ప్రతి మరచీలకూ ఒక చీటీ అంటించింది. నిజం తప్ప ఇంకోటి రాయదు. అలాంటి మనిషికి మేనమామ ఇలాంటివాడు. దేవుడు కొందరి నుదుట కావాలనే ఇలా రాస్తాడేమో.

అసలు కడుపుమంట వేరే ఉంది. ఫిలోమెనా తండ్రి విస్తిన్ ఆ రన్‌వే మీద కూలీ. బాంబులు పడ్డ గుంతల్ని రాళ్లతో పూడ్చే జట్టులో పనిచేసేవాడు, ఆమె పుట్టిన నెలలోనే పోయాడు. ఫొటో లేదు. తల్లి ఆయన మాటెత్తితే ఏడ్చేది, ఏడ్చీ ఏడ్చీ ఆమె కూడా పోయింది. అదే జట్టులో పనిచేసి బతికున్నవాడు జెప్పి ఒక్కడే. మూడొందల మంది పరాయివాళ్ల జుట్టు రంగుతో సహా చెప్పే ఈ మహానుభావుడు, సొంత బావ గురించి అడిగితే మాత్రం ఒకే మాట అనేవాడు.

"గుర్తు లేదే తల్లీ."

చిన్నప్పుడు అడిగింది, గుర్తు లేదన్నాడు. తల్లి పోయినప్పుడు అడిగింది, గుర్తు లేదన్నాడు. ఫిలోమెనా అడగటం మానేసింది. తనకు తండ్రి లేడు, తండ్రి ఉన్నాడన్న గుర్తు కూడా లేదు, ఇక రాదు అని గుండె రాయి చేసుకుంది.

ఆ ఏడు ఫాదర్ ఆంజ్ కొత్త సంగతి తెచ్చాడు. విమానాల పనిలో పోయిన ఊరివాళ్ల పేర్లు చెక్కించి చర్చి గోడకు పలక పెడతారట. "మీ నాన్న ఎలా పోయాడో చూసినవాళ్లు ఎవరైనా ఒక మాట చెప్పాలమ్మా. చర్చి పండగలోపు చెప్పకపోతే శిల్పి ఆగడు," అన్నాడు. ఇంగ్లీషువాళ్లందరికీ పాలరాతి మీద పేర్లున్నాయి. విస్తిన్‌కి ఇదొక్కటే రాయి, ఇదొక్కటే అవకాశం.

ఫిలోమెనా పంతం చంపుకుని రన్‌వే దగ్గరికి వెళ్లింది.

"మావయ్యా, ఒక్క మాట చెప్పు చాలు. ఎలా పోయాడు?"

జెప్పి టోపీ తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గుర్తు లేదే తల్లీ."

సరిగ్గా అప్పుడే ఒక టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి నల్లబట్టల ముసలావిడ దిగింది. పేరు లివియా, ఊరు కటానియా అని చెప్పుకుంది. ఇటలీ మనిషని తెలియగానే మేకలవాడు కూడా మొహం తిప్పుకున్నాడు. ఆ దీవి మీద బాంబులు వేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు మరి. ఆవిడ బెదురుతూనే అడిగింది.

"మా నాన్న విమానం ఈ పక్కనే కూలిందన్నారు. ఎవరైనా చూశారేమోనని. నన్ను తిట్టినా సరేనండీ, చూశారేమో చెప్పండి."

జెప్పి లేచి తన కుర్చీ ఆవిడకి వేశాడు.

"చూడకేం, పారాచూట్ గొడుగు కట్టుకుని మా పొలంలోనే దిగాడు. సన్నగా ఉండేవాడు కదూ? మా అమ్మ మొదట చీపురు తిరగేసింది. తర్వాత మొహం చూసి కుందేలు కూర పెట్టింది. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నీ పేరే చెప్పాడమ్మా, లివియా అని."

ఆవిడ జెప్పి చేతులు పట్టుకుని ఏడ్చింది. పోతూ పోతూ నవ్వింది కూడా. టాక్సీ మలుపు తిరిగిందో లేదో ఫిలోమెనా విరుచుకుపడింది.

"మనమీద బాంబులేసినవాడికి కూడా పెట్టావా ఆ పాడు కుందేలు? మా నాన్నని చంపింది వాళ్లే కదా. ఊరందరి నాన్నలకీ ఏదో ఒక అబద్ధం చెప్పావే, నాకొక్క అబద్ధం కూడా చెప్పబుద్ధి కాలేదా నీకు?"

"వాళ్ల నాన్నలు నాకు తెలీదే. మీ నాన్న నాకు తెలుసు. తెలిసినవాడి మీద అబద్ధం నోటికి రాదు."

"అంటే గుర్తుంది."

జెప్పి నేల మీదే కూలబడ్డాడు.

"ఈ పక్కన కూలిన ఇటలీ విమానాలన్నీ సముద్రంలోనే పడ్డాయి. ఒక్క మనిషీ దొరకలేదు. కనీసం ఆకలితో పోలేదని చెప్పాను, ఏం పోయింది? ఇక మీ నాన్న సంగతి. అప్పుడు మీ అమ్మ బాలింత. తిండి లేదు, ఒంట్లో పాలు లేవు. నువ్వు ఏడవటానికి కూడా ఓపిక లేక చూస్తూ పడుండేదానివి. మీ నాన్న ఎక్కడ సంపాదించాడో ఒక కుందేలు తెచ్చి, అదిగో ఆ గోడ వెనక గుంతలో దాచి, గడ్డి వేసి పెంచాడు. ఊరికి తెలిస్తే ఉంచుతారా? ఆవేళ దాడి వస్తోందని చర్చి మీద ఎర్రజెండా లేచింది. విమానాలొచ్చాయి. మేమంతా కందకంలోకి దూకాం. మీ నాన్న మాత్రం ఎదురు దిక్కుకి పరిగెత్తాడు."

"కుందేలు కోసమా?"

"కుందేలు కోసమే. బాంబు పడి గోడ ఆయన మీద కూలింది. నేను రాళ్లు తీసి చూస్తే చొక్కా లోపల అది బతికే ఉంది. ముక్కు కదిలిస్తా ఉంది. మీ నాన్నని మోసుకొచ్చి రన్‌వే గుంత పక్కన పడుకోబెట్టాను, పని చేస్తా పోయాడని వాళ్లే అనుకున్నారు. కుందేల్ని మా అమ్మకిచ్చాను."

ఫిలోమెనా ఆ గోడ వైపు తిరిగి చూసింది.

"వండితే వాసన ఆగుద్దా? ఊరు ఊరంతా మా గుమ్మం ముందు ముక్కులు ఎగరేసుకుంటా నిలబడింది. ఎవడికే కుందేలు, ఎక్కడిదే అని ఒకటే గోల. ఎవరో పైలట్టు ఆకలితో వచ్చాడు, వాడికే పెట్టామన్నాను. పైలట్టంటే ఎవరూ ఏమనరు కదా. మర్నాడు ఏ పైలట్టురా అన్నారు. కెనడావాడన్నాను. ఆ కెనడావాడి స్నేహితుడొచ్చి అడిగాడు. వాడూ తిన్నాడని చెప్పాల్సొచ్చింది. అలా పెరిగిపోయిందే, నేనేం చెయ్యను?"

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"నువ్వు దాచుకునే రకమా? మరచీలకి కూడా చీటీ అంటిస్తావు. మీ నాన్న కుందేలు కోసం చచ్చాడంటే ఈ ఊరు ఊరుకుంటుందా? చచ్చినాయన కుందేలు విస్తిన్, నువ్వు కుందేలు ఫిలోమెనా, నీ పిల్లలు కుందేలు పిల్లలు. స్పిరు వాళ్లని చూశావుగా, ఒక్క గురకకి నాలుగు తరాలు. నాకా పెళ్లా పిల్లలా? ఆ పేరేదో నేనే తగిలించుకుంటే నాతోనే మట్టిలో కలుస్తుందని..." అని టోపీ సర్దుకున్నాడు. "తిన్నది మూడొందల మంది కాదే. మీ అమ్మ ఒక్కతే తిన్నది. ఆమె పాలు నువ్వు తాగావు."

ఫిలోమెనా ఆ నేల మీదే అతని పక్కన కూర్చుంది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. అందులోంచి ఎందుకో నవ్వు కూడా తన్నుకొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో పొరపోయి దగ్గింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక, జనమంతా చర్చి మెట్ల మీద ఉండగానే, ఆమె ఫాదర్ ఆంజ్‌కి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. జెప్పి వెనక నిలబడి "వద్దే, వద్దే" అని ఆమె శాలువా కొస లాగుతూనే ఉన్నాడు.

ఫాదర్ గడ్డం గోక్కున్నాడు. "అయితే పని వదిలి వెళ్లాడన్నమాట. పలక పనిలో పోయినవాళ్లకి కదమ్మా."

"బాలింతకి తిండి తేవడం పని కాదా ఫాదర్?"

మెట్ల మీద ఆడవాళ్లందరూ ఫాదర్ వంక చూశారు. ఆయన ఆ చూపులు తట్టుకోలేక వెంటనే శిల్పికి కబురంపాడు. పలక మీద విస్తిన్ పేరు పడింది. ఆ పేరు చివర ఫిలోమెనా సొంతంగా చెప్పి ఒక చిన్న కుందేల్ని కూడా చెక్కించింది. చెవులు కాస్త పెద్దవయ్యాయి, గాడిదలా ఉందని కొందరన్నారు.

పండగ మర్నాడు ఆమె కాఫీకొట్టు ముందు నుంచి పోతుంటే స్పిరు ఉండబట్టలేకపోయాడు.

"ఏమ్మా కుందేలు ఫిలోమెనా, ఎక్కడికి?"

ఆమె ఆగింది, వెనక్కి తిరిగింది.

"రన్‌వే దగ్గరికి. ఎవరో నార్వే నుంచి వచ్చారంట. వాళ్ల నాన్న కూర తిని ఉప్పు తక్కువైందన్నాడు, ఆ సంగతి చెప్పాలి."

లోపల బల్ల దగ్గర జెప్పి నెత్తి కొట్టుకున్నాడు.

"యాభై ఏళ్ల కష్టం బూడిదలో పోసింది. పైగా మా అమ్మ వంటకి ఉప్పు తక్కువంటుంది," అని, కాఫీ సగంలో వదిలేసి, కుర్చీ భుజాన వేసుకుని ఆమె వెనకే పరిగెత్తాడు.