అమ్మ చెల్లెళ్లు

ఉడికిన గుడ్డు పెంకు తీసినప్పుడల్లా తార్నాకలో మేమున్న రేకుల గది గుర్తొస్తుంది. అమ్మ యూనివర్సిటీ హాస్టల్లో వంటపని చేసేది. రెండేళ్లు నిండుతున్నా తమ్ముడు గోడ వదిలి నడిచేవాడు కాదు. అంగన్‌వాడీ టీచరు, నర్సు, కాళ్లకు వ్యాయామం చేయించే మేడం ముగ్గురూ కలిసే మా ఇంటికి వచ్చేవాళ్లు. ఒకరు వాడికి గుడ్డు తినిపించేవాళ్లు, ఒకరు బరువు చూసేవాళ్లు, ఇంకొకరు కాళ్లు పట్టి ఆడించేవాళ్లు. అమ్మతో వాళ్ల చనువు చూసి, ముగ్గురూ ఆమె చెల్లెళ్లే అనుకున్నాను.

తెలంగాణ కోసం బంద్ జరిగిన రోజు బస్సుల్లేవు. వాళ్లిక రారని అమ్మ దిగులుపడింది. నేను మా గది పక్కనే ఉన్న క్యాంపస్ గేటు దగ్గర నిలబడి చూస్తుంటే ముగ్గురూ నడిచి వస్తూ కనిపించారు. గేటు ముందు ధర్నాలో కూర్చున్న విద్యార్థి ఒకడు వాళ్లను ఆపాడు.

"బంద్ కదక్కా, యాడికి పోతున్నరు?"

నేను ముందుకు పరిగెత్తాను. "మా చిన్నమ్మలు. మా తమ్మునికి నడక నేర్పనీకి వస్తున్నరు."

అతను నవ్వి దారి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు గోడ వదిలి, తూలుతూ మేడం చేతుల్లోకి నడిచాడు. పక్కింటామె తొంగిచూసి, "ఎవరొదినా వీళ్లు?" అంది.

"మా చెల్లెండ్లే," అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

వాళ్లు అమ్మ తోబుట్టువులు కారని, వాళ్ల ఉద్యోగాలు, ఆఫీసులు కూడా వేరువేరని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ రోజు గేటు దగ్గర నేను చెప్పింది నిజమేనని ఇప్పటికీ గర్వంగా అంటాను.