కరుణమ్మ పెద్దత్త చదివించిన గేదె కథ

పక్క గదిలో మనవరాళ్లిద్దరూ ఏదో బొమ్మల పుస్తకం ముందేసుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకతె చదువుతుంటే రెండోదానికి ఎక్కిళ్లు వచ్చేశాయి. ఆ ఎక్కిళ్ల నవ్వు చెవిన పడగానే బాపట్లలో మా అత్తవారింటి వసారా, అక్కడ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చున్న కరుణమ్మ పెద్దత్త గుర్తొచ్చారు. ఆవిడ మా మామయ్యగారి అక్క. చెరుకుపల్లి దగ్గర చిన్న బడిలో పిల్లలకు చదువు చెప్పి, రిటైరయ్యాక తమ్ముడింట్లోనే ఉండేవారు.

నేను పుట్టింది వేమూరు పక్క పల్లెలో. మూడో తరగతిలో ఉండగానే బడి మాని అమ్మతో నాట్లకు వెళ్లాను. పెళ్లిచూపుల్లో మాత్రం మావాళ్లు ఎనిమిది చదివిందని చెప్పేశారు. మామయ్యగారు చర్చిలో పాస్టరు అయ్యగారి కింద ఉపదేశి. రోజూ సాయంత్రం అన్నాలకు ముందు ఇంట్లో ప్రార్థన; వంతులవారీగా రోజుకొకరు బైబిల్లోంచి వాక్యం చదవాలి. నాకు అక్షరాలు తెలుసుగానీ ఒత్తులొస్తే చిక్కుపడిపోయేదాన్ని. అయితే ఒకసారి విన్నది మరిచిపోను. పెద్దత్త ఆనాటి వాక్యాన్ని మధ్యాహ్నమే పైకి చదువుకునేవారు. వంటింట్లో బియ్యం ఏరుతూ వినేదాన్ని. సాయంత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చదువుతున్నట్టే అప్పజెప్పేదాన్ని. ఆరేళ్లు అలా నెట్టుకొచ్చాను. ఎప్పుడు బయటపడుతుందోనని, నా వంతు రోజున పొద్దుటి నుంచీ ముద్ద దిగేది కాదు.

మా సునీతకు ఐదేళ్లప్పుడు పెద్దత్త తెనాలి వెళ్లి ఒక నవ్వుల పుస్తకం తెచ్చారు. అందులో ఒక గేదె రైలెక్కడానికి వస్తుంది. పెట్టెలో పేడ వెయ్యనని కాగితం రాసి వేలిముద్ర వెయ్యమంటాడు స్టేషన్ మాస్టరు. ఆ సాయంత్రం ప్రార్థన కాగానే సునీత దాన్ని నా ఒళ్లో పడేసింది.

"అమ్మా, నువ్వు చదువు."

బొమ్మలు చూస్తూ నాకు తోచిన కథేదో అల్లాను.

"అలా లేదు! పొద్దున పెద్ద నానమ్మ చదివింది ఇది కాదు."

మామయ్యగారు తలెత్తి నావైపు చూశారు.

"ఇటు తేవే. గేదె భాష మీ అమ్మకేం తెలుసు?" అంటూ పెద్దత్త పుస్తకం లాక్కున్నారు.

మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నా పక్కకొచ్చి నిలబడ్డారు. "నువ్వు చదివేటప్పుడు నీ కళ్లు కదలవమ్మాయ్."

తడి చీర చేతిలోంచి జారిపోయింది. "ఎప్పట్నుంచి తెలుసండీ?"

"కాపరానికొచ్చిన మొదటి నెల నుంచీ. మధ్యాహ్నం పూట అంత గొంతేసుకుని చదివేది ఎవరికోసమనుకున్నావు? దేవుడికేమన్నా చెవుడా?"

ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

"వాక్యం దగ్గర తడబడితే భయమేస్తుంది. నవ్వుల పుస్తకంలో తడబడితే ఏంటి? ఇంకో నవ్వు. ఆ గేదెను పట్టుకో," అన్నారు.

పట్టుకున్నాను. రోజూ వసారాలో అందరి ముందే సునీతకు చదివేదాన్ని. "వేళ్లు లేవండి, గిట్ట వెయ్యనా?" అని గేదె అడిగే చోట మొదటిరోజు ఒత్తు దగ్గర ఆగిపోయి "గి... గి..." అంటుంటే, గేదె భయపడుతోందనుకుని సునీత పడిపడి నవ్వింది. మామయ్యగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు సరిగ్గా చదివితే సునీత ఒప్పుకోలేదు. "నిన్నటిలా చదువమ్మా" అని గొడవ.

కొన్ని నెలలకు పెద్దత్త చుట్టాలను చూడ్డానికి రేపల్లె వెళ్లారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ పైకి చదవలేదు. సాయంత్రం నా వంతు వచ్చింది. పుస్తకం తెరిచి నోరు విప్పాను.

"మామయ్యగారండీ, నేను చదివింది ఎనిమిది కాదండి, మూడే. ఇన్నాళ్లూ విన్నది అప్పజెప్పానండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గేదె దగ్గరే నాకు అనుమానమొచ్చిందమ్మా. ఆరేళ్లూ కంఠతానా?"

"అవునండి."

"మా పాస్టరు అయ్యగారికి కూడా రాదు ఆ విద్య. చదువు, మెల్లిగానే చదువు. అన్నం ఎక్కడికీ పోదు."

వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. పప్పు చల్లారిపోయింది. ఒక్కరూ లేవలేదు. నేను చివరికి చేరాక మామయ్యగారు ఎప్పటికన్నా గట్టిగా ఆమేన్ అన్నారు. ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

పెద్దత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నా చదువు నత్తనడకే. బస్సు బోర్డు మీద మాట కొరుకుడు పడకపోతే పక్కనున్న పిల్లనెవరినైనా ఆపి, "ఏంటమ్మా ఈ ఒత్తు?" అని అడిగేస్తాను. చెప్పించుకుని బస్సెక్కుతాను.