సరోజ మూతి మీద జీడి మచ్చ

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే నూజివీడు పిల్లల మూతుల మీద జీడి మచ్చలే. మామిడికాయ తెంపగానే తొడిమ దగ్గర సొన చిమ్ముతుంది చూడండి, అదే జీడి. తగిలిందా, చర్మం కాలి నల్లగా మచ్చ తేలుతుంది. అందుకే కోసిన కాయని తొడిమ కిందికి పెట్టి, జీడి కారిపోయాకే ముట్టుకోవాలి.

తోటల్లో పుట్టిన పిల్లలకి ఈ సంగతి ఉగ్గుపాలతోనే వస్తుంది. మాది బజార్లో కిరాణా కొట్టు. నాన్న ఎండాకాలం ఊరి బయట ఒక తోట కౌలుకి తీసుకునేవారు. నాకు కాయ రుచి తెలుసు గానీ జీడి సంగతి ఎక్కడ తెలుసు...

సరిగ్గా బడి తెరిచే ముందు, కాయలు కోసే చిక్కంలోంచి అప్పుడే తీసిన కాయని లాక్కుని కసక్కున కొరికేశాను. తెల్లారేసరికి మూతి చుట్టూ పొక్కులు, బొగ్గు పూసినట్టు మచ్చ. అమ్మ వెన్న రాసి బడికి పంపింది. "జీడిమూతి! జీడిమూతి!" అని క్లాసంతా ఒకటే గోల. బెంచీలో నా పక్కన ఒక్కరు కూర్చుంటే ఒట్టు... అంటుకుంటుందట! ఇంటికొచ్చి, ఇంక చచ్చినా బడికి వెళ్ళనని మంచం కింద దూరాను.

ఆ సాయంత్రం సరోజ వచ్చింది. మా తోటలో కాయలు కోసే వెంకాయమ్మ కూతురు. నా క్లాసే, కోతల వల్ల ఇంకా బడికి రాలేదు. మంచం కిందకి వంగి నా మూతి కాసేపు చూసింది.

"రేపు వద్దులేవే. ఎల్లుండి వెళ్దాం. నేనూ వస్తాగా" అంది.

ఎల్లుండి ఎందుకని నేను అడగలేదు.

అన్నట్టే వచ్చింది. మూతి చుట్టూ నాకంటే పెద్ద మచ్చ! వెనకాలే వెంకాయమ్మ తిట్టుకుంటూ... "తోటలో పుట్టిందండీ ఇది! జీడి కారకుండా కొరికిందంటే ఏమనాలండీ దీన్ని?" అని మా అమ్మ దగ్గర మొత్తుకుంది.

"మర్చిపోయానమ్మా" అంది సరోజ.

నేను నమ్మేశాను. నాలాంటి తెలివితక్కువది ఇంకొకతి ఉందని ఎంత సంబరపడ్డానో! ఇద్దరం ఒకే బెంచీ. నవ్వితే పొక్కులు చిట్లేవి, అయినా నవ్వు ఆగేది కాదు.

తర్వాత వాళ్ళు విస్సన్నపేట వైపు ఏదో తోట కాపలాకి వెళ్ళిపోయారు. అంతే... మళ్ళీ కలవలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఈమధ్య జబ్బు చేసి మూతి ఒక పక్కకి లాగేసింది. నెమ్మదిగా తగ్గుతుందన్నారు. ఆఫీసులో అందరూ మంచివాళ్ళే, ఎవరూ ఒక్క మాట అనరు. భోజనాల వేళ నా ఎదురు కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోరు. మూతి కనబడకుండా పెట్టుకున్న మాస్కు తినేటప్పుడు తీయాలి కదా... నేనే గోడ వైపు తిరిగి తినేస్తున్నాను. చాలా ఒంటరిగా ఉందండీ, దాచడమెందుకు.

మొన్న అలాగే తింటుంటే డబ్బాలో మామిడి ముక్క కనిపించి, ఆ "ఎల్లుండి" గుర్తొచ్చింది. జీడి మచ్చ తేలడానికి ఒక రాత్రి పడుతుంది, మర్నాడు కోతలో కాయ కొరికితే ఎల్లుండికే తేలుతుంది. తోటలో పుట్టిన పిల్లకి ఆ మాత్రం తెలియదా!

ఇప్పుడు మామిడిపళ్ళు తుడిచి, నిగనిగలాడుతూ అట్టపెట్టెల్లో వస్తున్నాయి. ఎక్కడా జీడి మరక ఉండదు. మీ పక్కన కూర్చోవడానికి ఇలా మూతి కాల్చుకున్నవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళ గురించి కింద రాయండి... చదువుకుంటాను.

సరోజా, ఎక్కడున్నావో... నువ్వు ఆ రోజు ఏమీ మర్చిపోలేదని నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.