పసుపు గీత ఇవతల

పరాయి దేశపు రాయబార కార్యాలయం గేటు దగ్గర, నేల మీద ఒక పసుపు గీత. ఏళ్ళ తరబడి దానికి ఇవతలే నిలబడిన పోలీసును తోటివాళ్ళు గడప బాబాయి అంటారు. ఒకసారి గాలికి టోపీ ఎగిరి గీత అవతల పడింది. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. తోటమాలి వచ్చి తీసిచ్చేదాకా ఉత్త తలతో ఎండలో నిలబడ్డాడు.

శిక్షణలో నేర్పిన చట్టం ఆయనకు రెండు మాటల్లో గుర్తు. దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న చట్టమది. లోపలున్నవాళ్ళ మీద ఈగ వాలనివ్వకూడదు. వాళ్ళ పెద్ద రమ్మంటే తప్ప మనం లోపల కాలు పెట్టకూడదు.

భార్య ఆ లోపలే వంటమనిషి. మధ్యాహ్నం గీత దాకా వచ్చి క్యారియరు అందిస్తుంది. ఆయన తింటున్నంతసేపూ అటే నిలబడి ఆ ఇంటిని మాటల్లో చూపిస్తుంది. వంటింట్లోంచి హాల్లోకొస్తే కుడిచేతి వైపు పెద్ద మెట్లు, మెట్ల మీద ఎర్ర తివాచీ, పైన రాయబారి గది, ఆ గదికి వెనక సామాన్లు మోసే ఇరుకు మెట్లు. ఆయన ఎన్నడూ చూడని ఆ ఇల్లు ఆయన చెవుల్లో గది గదిగా లేచింది. కట్టుకున్న పెళ్ళాం దగ్గరికి రావడానికి నీకు పాస్‌పోర్టు కావాలి కాబోలు అని ఆవిడ ఎత్తిపొడిచేది.

ఆ రోజు రెండు దేశాల మధ్య మాట చెడింది. పొద్దెక్కేసరికి వీధి ఏరైంది. జెండా కర్రలు, గొంతులు, దుమ్ము. బాబాయీ ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్ళూ గేటుకు వీపులానించి నిలబడ్డారు. గేటు ఆగింది. పక్క గోడ ఆగలేదు. కొందరు కుర్రాళ్ళు అటు దూకి ఇంట్లోకి చొరబడ్డారు. రాయబారిని గదిలోనే బందీ చేస్తామని, ఆ దేశపు ప్రభుత్వం దిగొచ్చేదాకా వదలమని లోపల్నుంచి అరుస్తున్నారు.

వైర్‌లెస్‌లో అధికారిని అడిగాడు. బలగాలు బయల్దేరాయి, లోపలివాళ్ళు పిలవకుండా మాత్రం వెళ్ళొద్దన్నాడు అధికారి. అనుమతి కోసం అధికారి చేస్తున్న ఫోను లోపల మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. బాబాయి బూటు మొన గీతను తాకి ఆగింది. గుండె మాత్రం ఎప్పుడో దాటేసింది.

మేడ మలుపులోని చిన్న కిటికీ తెరుచుకుంది. భార్య.

"ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం? తలుపు విరగ్గొడుతున్నారు. లోపలికి రా."

"నువ్వు పిలిస్తే కుదరదే. రాయబారి అమ్మగారు పిలవాలి."

"పెళ్ళాన్ని, నేను పిలిస్తే కుదరదా?"

"ఈ ఒక్క చోట కుదరదు. పరిగెత్తు, ఆవిడ చేత ఒక్క మాట చెప్పించు."

ఆవిడ తిట్టిన తిట్టు సగం కిటికీలోనే ఉండిపోయింది, మనిషి మాయమైంది. ఆ కాసేపట్లో బాబాయి ఒళ్ళంతా చెవి అయింది. చెక్క పగులుతున్న చప్పుడు. మళ్ళీ చప్పుడు. అప్పుడు బాల్కనీ మీదికి నెరిసిన జుట్టు రాయబారి వచ్చింది. పక్కన చేతికి పిండి అంటుకున్న వంటమనిషి. రాయబారి వచ్చీరాని భాషలో, గొంతు వణక్కుండా అంది.

"రండి. నేను పిలుస్తున్నాను."

బాబాయి గీత దాటాడు. వెనక ఇద్దరూ దాటి, గేటుకు లోపల్నుంచి గడియ పెట్టి పరిగెత్తారు. ఇన్నేళ్ళ నిలుపు కాళ్ళల్లో రెక్కలై విచ్చుకుంది. గుమ్మం దాటాక కుడిచేతి వైపు దూసుకెళ్ళాడు. ఎదురుగా పెద్ద మెట్లు లేవు. ఉల్లిపాయల బుట్ట, మరుగుతున్న గిన్నె, అప్పుడే ఇరుకు మెట్లు దిగొచ్చిన పెళ్ళాం.

"ఇటొచ్చావేం?"

"కుడిచేతి వైపన్నావుగా."

"అది వంటింట్లోంచి వచ్చే నా కుడిచెయ్యి, గేట్లోంచి వచ్చే నీది కాదు. వచ్చావుగా, ఇటే పద."

ఆవిడ వెనకే ఇరుకు మెట్లెక్కి, వెనక తలుపులోంచి రాయబారి గదిలోకి చేరారు. ముందు తలుపు ఇంకో దెబ్బకు ఊడేలా ఉంది. బాబాయి గడియ తానే తీశాడు. భయపడిన దొరసాని కనబడుతుందనుకున్న కుర్రాళ్ళకు ముగ్గురు పోలీసులు కనబడ్డారు. ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"నాయనా," అన్నాడు బాబాయి ఆయాసంతో, "కోపముంటే గేటు బయట అరవండి, సాయంత్రం దాకా నిలబడి వింటా. వీళ్ళు మాత్రం మన చేతుల్లో పెట్టిన మనుషులు. నన్ను దాటి వెళ్ళాలి."

ముందు నిలబడినవాడు ఒక మెట్టు దిగాడు. వాడి వెనకవాడు రెండు దిగాడు. అంతలో వీధిలో బలగాల లారీలు ఆగాయి. రాయబారి వాళ్ళనీ పిలిచింది. కుర్రాళ్ళు ఎర్ర తివాచీ మీదుగా తలలు దించుకుని బయటికి నడిచారు. లోపల ఎవరికీ గీత కూడా పడలేదు.

అందరూ వెళ్ళాక బాబాయి గీత ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు తల మీద ఎండ తగిలింది. టోపీ ఆ మెట్ల మీదే ఎక్కడో ఉండిపోయింది.

గేటు బార్లా తెరిచే ఉంది. ఆయన కదల్లేదు.

కాసేపటికి భార్య టోపీ పట్టుకుని వచ్చింది. గీతకు అవతలే ఆగి, దానిమీది దుమ్ము తీరిగ్గా దులపసాగింది.

"ఇవ్వవే, ఎండ."

"ఉండు," అందావిడ. "అమ్మగారిని అడిగొస్తా."