పదిహేడో మేకు

శ్రీకూర్మం లక్ష్మీనరసింహంగారికి చెల్లే డబ్బంటే చిన్నచూపు. చెల్లని డబ్బంటే పంచప్రాణాలు. నాణెం చేతికి రాగానే లోకమంతా చెల్లుతుందా అని అడుగుతుంది. ఆయనా అదే అడిగేవారు. చెల్లుతుందని జవాబు వస్తే మాత్రం, జాతకాలు కుదరలేదని పెళ్లిసంబంధం తిప్పిపంపినంత మర్యాదగా ఆ నాణేన్ని తిప్పి ఇచ్చేసేవారు. "మాకిది పనికిరాదు నాయనా. చెల్లుతోంది."

ఆయన పూర్వులు ఆరేడు తరాలుగా కూర్మనాథస్వామి సన్నిధిలో పురాణం చెప్పినవారు. ఆయన గొంతెత్తి సముద్రమథన ఘట్టం చెబుతూంటే మందరగిరి బరువు శ్రోతల వీపుల మీద పడేది. అంతటి ఘట్టంలోనూ పళ్లెంలో కాసు పడిన మోత వినబడితే మథనం ఆగిపోయేది. దేవతలూ దానవులూ వాసుకిని పట్టుకుని ఎక్కడివారక్కడ నిలబడిపోయేవారు. "ఆ మోత అర్ధణాది కాదూ?" అని పళ్లెం దగ్గరకు తెప్పించుకునేవారు. అర్ధణాయే అయితే, వేసినవాడికి దీర్ఘాయుష్షు, వంశాభివృద్ధి, పాడిపంటలు. కొత్త రూపాయి బిళ్ల అయితే పొడిగా "శుభం". ఈ సంగతి ఊళ్లకు పాకిన తరువాత, సంతలో ఎవరూ పుచ్చుకోని అరిగిన కాసులన్నీ ఆ పళ్లెంలోకే నడిచివచ్చాయి. చెల్లని కాసు వేసి నిండు ఆశీర్వచనం పట్టుకుపోయే సదుపాయం జిల్లా మొత్తానికి అక్కడే ఉండేది.

ఆ సదుపాయం ఖరీదు ఆయన ఇల్లాలు ప్రసూనాంబగారికి ఒక్కరికే తెలుసు.

"ఏమండీ, కందిపప్పు డబ్బా ఏదీ?"

"అందులో ఒలందావారున్నారు."

"పెసరపప్పు డబ్బా?"

"కుంఫిణీవారు."

"మరి పప్పు ఎందులో పోసుకోను?"

"ఎందులోనైనా పోసుకో. వాళ్లని మాత్రం కదపకు. రెండువందల ఏళ్లు ఇసకలో పడి ఉన్నవాళ్లు, ఇప్పుడిప్పుడే కాస్త కుదురుకున్నారు."

ఆవిడ ఒక్కసారి కదిపారు. తొలిఏకాదశి ముందురోజు పూజసామాను తోముకుంటూ, ఇవీ రాగివే కదా పాపం అనుకుని, డబ్బాల్లోని డచ్చి, కుంఫిణీ కాసులు మూడువందలకూ చింతపండు పట్టించి, ముగ్గుతో రుద్ది, తళతళలాడించి, ఎండలో చాపమీద పరిచారు. భర్త మెప్పు కోసం గుమ్మంలో నిలబడ్డారు కూడా. ఆయన వచ్చి చాప చూశారు.

"కిలుమేదే?"

"అంతా వదిలించానండీ! ఎంత మొండికిలుమో, చేతులు పడిపోయాయి."

రెండు శతాబ్దాల వయస్సు ఒక్క పూటలో పోగొట్టుకున్న ఆ కాసులు పసిపిల్లల్లా మిలమిల చూస్తూంటే ఆయన అరుగు మీద కూలబడిపోయారు. ఆ పూట భోజనానికి లేవలేదు. మర్నాడు సన్నిధిలో ఘట్టం మార్చి దక్షయజ్ఞ ధ్వంసం చెప్పారు. ఆనాటినుంచి ఆ ఇంట చింతపండు చారుకే గాని రాగికీ, ఇత్తడికీ సోకరాదని శాసనం.

కాసు కనబడితే ఆయనకు దారీ డొంకా ఉండేవి కావు. ఒకనాడు జగ్గమ్మ గేదె మెడలో దిష్టితాడుకు చిల్లికానీ వేలాడుతోంది. దానిమీద అంకెలు చదవాలని ఆయన దాని వెంటపడ్డారు. గేదె మడిలో దిగింది; ఆయన మడిపంచెతో దిగారు.

"అయ్యబాబో, పంతులుగోరూ! గేది ఎనకాల ఏటండీ మీరు?"

"సంవత్సరం చూస్తున్నానే జగ్గమ్మా."

"దాని ఈడు నన్నడగొచ్చు కదేటి? మూడు ఈతలు ఈనినాది!"

ఇన్ని డబ్బాలు నిండినా ఆయన మనసు నిండలేదని ప్రసూనాంబగారికి తెలుసు. కారణం వసారా గోడమీదే ఉంది. కళింగపట్నం రేవు కళకళలాడిన రోజుల్లో ఓడకు సరుకు మోసే కళాసీలు నలభైమంది. ఒక్కొక్కరికి అంకె కొట్టిన ఇత్తడిబిళ్ల. పడవెక్కేటప్పుడు రేవులోని చెక్కబలకమీది మేకునుంచి తన బిళ్ల తీసుకుపోవాలి. ఒడ్డుకు చేరాక మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా నీటిమీద ఉన్నాడని గుర్తు. రేవు పడిపోయాక బిళ్లలు చెల్లాచెదరయ్యాయి. లక్ష్మీనరసింహంగారు మొదట ఆ బలకను కొని తెచ్చారు. పిమ్మట ఒకటి తలుపు గొళ్లెం కిందనుంచి, ఒకటి వలకు కట్టిన బరువుల్లోనుంచి, ఒకటి తాళంచెవుల గుత్తిలోనుంచి, ఏళ్ల తరబడి ముప్ఫైతొమ్మిది బిళ్లలు పోగుచేసి ఎవరి మేకుకు వారిని తగిలించారు.

పదిహేడో మేకు ఒక్కటే ఖాళీ. రోజూ సంధ్యవార్చుకుని వచ్చి ఆయన దానిముందు ఒక నిమిషం నిలబడేవారు. బస్సు దిగవలసిన చుట్టం దిగకపోతే మనిషి ఎలా నిలబడతాడో, అలా.

పదిహేడో అంకె కళాసీ నూకయ్య. ముప్ఫై ఏళ్ల కిందట రంగూను స్టీమరు ఎక్కుతూ బిళ్లను భార్య అసిరమ్మ చేతిలో పెట్టి, తిరిగివచ్చి తానే తగిలిస్తానని చెప్పాడు. నాటినుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. బిళ్ల మాత్రం అసిరమ్మ కొంగుముడిలోనే ఉంది. లక్ష్మీనరసింహంగారు ఇరవై ఏళ్లుగా గురువారం గురువారం కళింగపట్నం బస్సెక్కి వెళ్లి అడుగుతున్నారు.

ఒక కార్తికంలో సముద్రస్నానానికి ప్రసూనాంబగారూ వెంట వెళ్లి, ఆ బేరం కళ్లారా చూశారు.

"ఒసే అసిరమ్మా! ఈ వారమైనా ఇస్తావా?"

ఇసకలో చేపలు ఆరబెడుతున్న అసిరమ్మ తలైనా ఎత్తలేదు. "ఇవ్వను బాబూ. ఆడిది ఆడికే ఇస్తాను."

"వాడొస్తాడంటావా?"

"రాకేటి సేస్తాడు? బిళ్ల నా కాడున్నాది కదా!"

"వస్తే ముందు నా దగ్గరకే పంపాలి. బేరం తెమల్చుకుంటాను."

"నీ బేరానికి లొంగుతాడేటి మా మావ? ఇంకా ఆడి మొండితనం సూడలేదు నువ్వు!" అంటూ ఆమె అప్పుడు తలెత్తి పకపక నవ్వింది. ఆ మాట అంటున్నంతసేపూ నూకయ్య పక్క వీధిదాకా వెళ్లినట్టే ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లెవరూ నవ్వలేదు. చేపలవైపు చూస్తూ ఉండిపోయారు.

తిరుగుబస్సులో ప్రసూనాంబగారు ఆగలేకపోయారు. "ఇరవై ఏళ్లుగా ఇవ్వననే చెబుతోంది కదా. మళ్లీ మళ్లీ అడగడమెందుకండీ?"

"నేను అడగకపోతే అది ఇవ్వనని ఎలా చెబుతుందే?"

కాసుల పిచ్చి మాటలకూ పాకిందని ఆవిడ నిట్టూర్చారు.

కీలక నామ సంవత్సరంలో, వరి కోతలవేళ, అసిరమ్మ తానే శ్రీకూర్మం వచ్చింది. వెంట కూతురు చిన్నతల్లి. అసిరమ్మ వసారాలో కూర్చుని, కొంగుముడి విప్పి, బిళ్లను అరుగుమీద పెట్టింది.

"ఇదిగో బాబూ. ఇన్నాళ్లూ నిన్ను ఏడిపించినాను."

చిన్నతల్లి అందుకుంది. "గరివిడి ఎల్లిపోతన్నాం అయ్యగారూ. మా ఇంటాయనకి కొత్త ఫేట్రీలో పని దొరికినాది. అమ్మనొక్కద్దాన్నీ వొగ్గీలేను."

"సముద్రం కాడున్నన్నాళ్లూ ఆడి బిళ్ల నా కాడుంచుకున్నాను," అంది అసిరమ్మ. "గరివిడిలో సముద్రం నేదంట. ఇంక ఆడొచ్చినా నన్నెక్కడ ఎతుక్కుంటాడు? నువ్వే ఉంచీసుకో."

లక్ష్మీనరసింహంగారు బిళ్లను అందుకున్నారు. వెలుతురుకేసి తిప్పి చూశారు. పచ్చని కిలుము, దాని నడుమ పదిహేడు. మేకు చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఆయన మేకును చూశారు, బిళ్లను చూశారు, మళ్లీ మేకును చూశారు. ఇక గంతు వేస్తారేమోనని ప్రసూనాంబగారు స్తంభం దగ్గరకు జరిగారు.

ఆయన బిళ్లను తిరిగి అసిరమ్మ ముందు పెట్టేశారు.

"మాకిది పనికిరాదే. చెల్లుతోంది."

అసిరమ్మ నోరు తెరిచింది. "రేవు మూసీసినారు, బలక నీ ఇంటికొచ్చీసినాది, ఇంకెక్కడ సెల్లుతాది బాబూ?"

"అదిగో, అక్కడ." ఆయన మేకు చూపించారు. "నీ పెనిమిటి తానే వచ్చి తగిలిస్తానన్నాడా, లేదా?"

"అన్నాడు."

"రానని కబురు చేశాడా?"

"నేదు."

"మరి చెల్లకుండా ఎలా పోతుంది? చెల్లేవి నేను పుచ్చుకోనని జిల్లా అంతా ఎరుగుదురు. నలభై ఏళ్ల నియమం నీ మూలాన చెడగొట్టుకోమంటావా? తియ్యి, తియ్యి. ముందు కొంగున ముడెయ్యి."

అసిరమ్మ బిళ్లను తీసుకుంది. ముడి వేసుకుంటూ అడిగింది. "ఆడు రేవుకొస్తే ఎవులు సెబుతారు బాబూ?"

"గురువారం నేనుంటాను కదా."

"బుధవారం వొస్తేనో?"

"ఒక్కరోజు ఆగలేడూ? ముప్ఫై ఏళ్లు ఆగినవాడు!"

అసిరమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. "అవును బాబూ, ఆగుతాడు," అంది. బస్సులో ఆయన అన్న మాట ప్రసూనాంబగారికి అప్పుడు అర్థమయింది. లోపలికి వెళ్లి, తల్లీ కూతుళ్లకు అన్నం వడ్డించారు.

అసిరమ్మ గరివిడి వెళ్లాక కూడా లక్ష్మీనరసింహంగారి గురువారాలు ఆగలేదు. కళింగపట్నం ఇసకలో కాస్త తల నెరిసినవాడు కనబడితే చాలు, కాసుల మాట మరిచి, "అయ్యా, తమరిది పదిహేడో నంబరు కాదు గదా?" అని అడిగేవారు. గాలి పీల్చుకోవడానికి వచ్చిన పింఛనుదార్లు ఆయన్ని చూసి దారి మార్చుకునేవారు.

ఒకనాడు వసారా దులుపుతూ ప్రసూనాంబగారు బలకముందు ఆగారు. పదిహేడో మేకుకు చిన్న కాగితం గుచ్చి ఉంది. పురాణం రాసుకునే గుండ్రని అక్షరాలతో, "అసిరమ్మ, గరివిడి, ఫ్యాక్టరీ వెనుక వీధి, మూడో ఇల్లు. వచ్చినవారికి భోజనం పెట్టి పంపవలెను" అని రాసి ఉంది. ఇత్తడి మేకు మాత్రం నల్లబడిపోయి, అక్కడ ఉన్నట్టే తెలియడం లేదు.

ఆవిడ చీపురు పక్కన పెట్టి, జంకుతూ జంకుతూ అడిగారు.

"ఏమండీ... ఈ మేకుకు కాస్త చింతపండు పట్టించనా?"

అరుగుమీద కూర్చుని ఒలందా కాసు చూసుకుంటున్న లక్ష్మీనరసింహంగారు కళ్లజోడు పైనుంచి మేకువైపు చూశారు.

"పట్టించు," అన్నారు. "ఆ ఒక్కదానికే సుమా. వచ్చినవాడికి వీధిలోంచే కనబడాలి."