కొళాయి దగ్గర క్యాలిక్యులస్

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు, పీయూసీ, అంటే ఇంటరు, చదివే వయసు చిన్నతనమేమిటని. నా మటుకు నాకు చిన్నతనమే. ఎందుకంటే ఆ ఏడు నాకు పక్కింటి అక్క అంటే ఒళ్ళుమంట, ఫిజిక్స్ సారంటే ఇంకా మంట. పెద్దవాళ్ళయితే అంత శ్రద్ధగా ఎవరినీ ద్వేషించలేరు.

అప్పుడు మేము చందాపురలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం. వరసగా ఇళ్ళు, రెండేసి ఇళ్ళకు కలిపి ఒకటే కొళాయి. పొద్దున ఓనరు మోటారు వేసి మిద్దె మీది ట్యాంకు నింపి, కొళాయికి వదిలేవాడు. మొదటి అరగంట మాది, తర్వాత అరగంట పక్కింటివాళ్ళది. మాకు తక్కువ పడుతున్నాయని వాళ్ళు, గడియారం అందరికీ ఒకటేనని మా అమ్మ. ఈ గొడవతో రెండిళ్ళకూ మాటల్లేవు. అమ్మ వాళ్ళ గుమ్మం ముందు నుంచి నడిచేటప్పుడు కొంగు కూడా అటు తగలనిచ్చేది కాదు.

మా కాలేజీలో దసరా సెలవుల తర్వాత అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ బ్యాచ్ మొదలుపెడతామన్నారు. ఇంజనీరింగు సీటు కావాలనుకునేవాళ్ళు అందులో చేరాల్సిందే. చిక్కేమిటంటే ఆ ఫిజిక్సంతా క్యాలిక్యులస్ మీద నడుస్తుంది, మా లెక్కల మేడమేమో క్యాలిక్యులస్‌ను ఏడాది చివర గానీ ఎత్తుకోదు. ఆమె కోసం ఆగితే బ్యాచ్ దాటిపోతుంది. ఆగకుండా చేరితే అర్థం కాని క్లాసులో గుడ్లప్పగించి కూర్చోవాలి. సెలవులకు ముందు ఫిజిక్స్ సారు క్లాసులో లేపి, పడుతున్న రాయి సరిగ్గా ఈ క్షణంలో ఎంత వేగంగా పోతోందని నన్నడిగాడు. దూరాన్ని కాలంతో భాగించాలన్నాను. క్షణంలో ఎంత దూరం పోయింది, ఎంత కాలం గడిచింది అన్నాడు. రెండూ సున్నాలేనన్నాను. అయితే సున్నాను సున్నాతో భాగించు, మేమంతా ఆగుతామని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్లాసు పగలబడి నవ్వింది. క్యాలిక్యులస్ రానివాళ్ళు కూడా బ్యాచ్‌కు రావచ్చని, బయటికి పోవడానికి తలుపు తీసే ఉంటుందని చెప్పి నన్ను కూర్చోమన్నాడు.

ఇంటికొచ్చి ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. వఠారంలో గోడలు పేరుకే గోడలు. మర్నాడు మా వంతు అయిపోయే వేళకు పక్కింటి అక్క బిందెతో వచ్చి, చాలా కాలం తర్వాత నాతో నోరు విప్పింది.

"ఏమీ రాకుండా సుమ్మనే పోయి ఆయప్ప క్లాసులో కూర్చోవద్దు మే. నేనట్లే కూర్చుని తప్పినా."

అది నిజమే. ఆమె అదే బ్యాచ్‌లో చేరి, ఫిజిక్స్ ఒక్కటీ తప్పి, మళ్ళీ కట్టి గట్టెక్కి, ఇంజనీరింగు ఆశ వదులుకుని బీకాంలో చేరింది. అయినా నాకు అసూయ మాటలాగే వినిపించింది. నీకెందుకంత జాలి అని అడిగాను.

"జాలి యాడుండాది? నువ్వంటే నాకు పడదు. ఆయప్పంటే ఇంకా పడదు. ఈసారి ఆయప్ప నోరు మూతపడల్ల, అంతే."

అలా మొదలైంది మా చదువు. సెలవుల్లో రోజూ మా అమ్మ వంటలో మునిగి ఉండగా కొళాయి దగ్గర. ఆమె నేర్పే తీరు తిట్టినట్టుండేది. ముందు బకెట్ నింపమంది, ఎంతసేపు పట్టిందో చూడమంది. ఆ లెక్క తప్పన్నది, ఎందుకంటే బకెట్ నిండేలోపే ధార మారిపోతుంది. తర్వాత చెంబు, తర్వాత గ్లాసు. పాత్ర చిన్నదయ్యేకొద్దీ ధార మారడానికి వ్యవధి ఉండదు, మన లెక్క ఈ క్షణానికి దగ్గరవుతూ వస్తుంది. సున్నాను సున్నాతో భాగించనక్కర్లేదు, ఆ దగ్గరయ్యే అంకె ఎటు పోతోందో పట్టుకుంటే చాలు. బట్టలుతికే బండ మీద సుద్దముక్కతో సూత్రాలు రాసేది. తప్పు చేస్తే మీ ఇంట్లోవాళ్ళ తెలివే నీకూ వచ్చిందనేది. నేను పళ్ళు నూరుకుంటూ మళ్ళీ చేసేదాన్ని. ఎన్నడూ రానంత సంతోషం ఆ పళ్ళు నూరుకోవడంలోనే వచ్చింది.

సెలవుల చివర్లో, మా వంతు మొదట్లో ఒకసారి, వాళ్ళ వంతు చివర్లో ఒకసారి అదే గ్లాసు నింపించింది. నింపుతుండగానే నాకు అర్థమైంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ధార దూకుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ సన్నబడుతుంది. దూకే అరగంట ఎప్పుడూ మాది. సన్నబడే అరగంట ఎప్పుడూ వాళ్ళది.

"లెక్క వచ్చింది కదా. పోయి మీ అమ్మకు చెప్పు," అంది అక్క.

ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ సారు మీది కక్షతో నేర్పుతోందనుకున్నాను. మా ఇంటి మీద సాక్షిగా నన్ను తయారుచేసుకుందన్నమాట. చెప్పనని మొహం మీదే అనేసి ఇంట్లోకి వెళ్ళిపోయాను. కానీ తెలిసిపోయింది. తెలిసినదాన్ని పరీక్షలో రాసి, ఇంట్లో తెలియనట్టు తిరగడం నాకు చేతకాలేదు. అన్నాల వేళ అమ్మకు చెప్పేశాను, గ్లాసుతో సహా.

అమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "నిన్ను చదివించింది ఆ చదువు మన మిందికే తిప్పేదానికా?" అంది.  ఆపైన కొన్నాళ్ళు కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. అయితే ఒక పొద్దున మా బిందెలు బయట పెట్టకుండా, మొదటి వంతు వాళ్ళను పట్టుకోమని ఓనరుతో చెప్పించింది. అప్పటినుంచి మొదటి వంతు ఒకరోజు వాళ్ళది, ఒకరోజు మాది. మాటలు మాత్రం కలవలేదు.

నేను బ్యాచ్‌లో చేరాను. సారు మళ్ళీ అదే రాయి పడేశాడు, నేను చెప్పాను. మెచ్చుకోలేదు, కూర్చోమన్నాడు. ఏడాది పొడుగునా కసురుతూనే ఉన్నాడు, నేను కూర్చునే ఉన్నాను. అక్క ఏమైందని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు బంధువులు పిల్లల్ని తీసుకొచ్చి ఫిజిక్స్ ముందా క్యాలిక్యులస్ ముందా అని అడుగుతుంటారు. ఆగకుండా ఫిజిక్స్‌లో చేరిపొమ్మంటాను, క్యాలిక్యులస్ ఎవరు నేర్పితే వాళ్ళ దగ్గర పట్టుకోమంటాను. నేర్పేవాళ్ళు మిమ్మల్ని ప్రేమించాలని మాత్రం చూడొద్దంటాను. అక్కంటే నాకు ఇప్పటికీ పడదు. కానీ ఎవరితోనైనా తగువు వచ్చి, ఇద్దరికీ సమానమే కదా అన్న మాట నా నాలుక చివరకు వస్తే, అక్కడే మింగేసి, ముందు వాళ్ళ బిందెలోకి తొంగిచూస్తాను.