ఫ్రిజ్జక్క తీయించిన సాక్సులు

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఫ్రిజ్జక్కే. ఆగిపోయిన గుండెను డాక్టర్లు మళ్లీ కొట్టుకునేలా చేశాక, తెలివి రాని మనిషిని ఒక రోజంతా చల్లగా ఉంచి, ఆ తర్వాత గంటకు పావు డిగ్రీ చొప్పున మెల్లగా మామూలు వేడికి తేవడం ఆవిడ పని. ఒళ్లు చల్లబడితే దెబ్బతిన్న మెదడుకు కాస్త విశ్రాంతి దొరుకుతుందనీ, అదే జ్వరం వచ్చిందంటే మిగిలింది కూడా పోతుందనీ కొత్తగా చేరిన నర్సులకు చెప్పేది. చెప్పడమంటే మామూలుగా కాదు, చెవులు మెలేసినంత పని చేసి చెప్పేది.

చెయ్యి తిరిగిన మనిషి, కాదనడానికి లేదు. ఇప్పుడంటే చల్లటి నీళ్లు తిరిగే యంత్రం వచ్చింది గానీ, అప్పట్లో చంకల్లో, గజ్జల్లో ఐసు సంచులు పెట్టడం, కరిగితే మార్చడం, చర్మం కమిలిందేమో చూడటం, అంతా చేతిపనే. అన్నిటికన్నా ఆవిడకు భయం వణుకంటే. మాటిమాటికీ దవడ కింద వేళ్లు పెట్టి చూసేది. అక్కడ సన్నగా అదిరిందంటే ఒళ్లు తనంతట తాను వేడి పుట్టించుకుంటోందన్నమాట. పడ్డ కష్టమంతా వృథా. ఇక ఆవిడ నోరంటారా, దాన్ని చల్లబరిచే యంత్రం మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఆ నోరే ఒకరి కొంప ముంచింది.

బస్సు డ్రైవరు ఒకాయన డిపోలో టీ తాగుతూ తాగుతూ కుప్పకూలాడు. చుట్టూ చేరినవాళ్లు ముఖాన నీళ్లు చల్లారే గానీ, గుండె మీద చెయ్యి వేసి నొక్కిన పాపాన పోలేదు. అంబులెన్సు వచ్చి గుండెను మళ్లీ కొట్టించేసరికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. స్కానింగు చూసి డాక్టరు పెదవి విరిచాడు. ఆశ లేదని అక్కకూ చెప్పాడు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేరు కదా, చల్లబరచడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం బంధువులను రానిచ్చే వేళకు ఆయన భార్య వచ్చింది. జాకెట్లు కుట్టి బతికే మనిషి. మొగుడి పాదాలు పట్టుకుని చూసి, "ఇంత చల్లగా ఉన్నాయేంటి సిస్టర్? కాస్త దుప్పటి కప్పండి" అంది.

"కప్పకూడదమ్మా. చల్లగానే ఉంచాలి" అని చెప్పి అక్క పక్క మంచం దగ్గర మందు మార్చడానికి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే ఏముంది, డ్రైవరు కాళ్లకు ఉన్ని సాక్సులు.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదమ్మా. చల్లగా ఉంచడానికి మేమిక్కడ చస్తుంటే మీరు వెచ్చబెడతారా? రేపు ఈయన కళ్లు తెరవకపోతే ఆ పుణ్యం మీదే."

సాక్సులు ఆమెచేతే తీయించి, బయటికి నడవమంది. తలుపు దగ్గర డ్రైవరు తల్లి నిలబడి ఉంది. ప్రతి మాటా వింది.

వెచ్చబరిచాక కూడా డ్రైవరు కళ్లు తెరవలేదు. కొన్నాళ్లకు పోయాడు. ఆ మంచం మీదికి ఇంకో మనిషి వచ్చాడు, అక్క పనిలో పడింది. అన్న మాట మరిచిపోయింది. అన్నవాళ్లకేం, హాయిగా మరిచిపోతారు.

ఏళ్లు గడిచి, తల సగం నెరిశాక, ఒక శిక్షణ తరగతిలో కూర్చోబెట్టారు. నేర్పడానికి వచ్చినావిడ అంది: "వణుకు తగ్గాలంటే చేతులకూ పాదాలకూ వెచ్చగా తొడగండి. చలిని ముందు పసిగట్టేది చర్మమే. అక్కడ వెచ్చగా ఉంటే వణుకు తగ్గుతుంది, లోపలి చల్లదనం అలాగే ఉంటుంది. మామూలు సాక్సులు కూడా పనికొస్తాయి."

పక్కనున్నవాళ్లు రాసుకుంటున్నారు. అక్క కలం కదల్లేదు. ఆ ఉన్ని సాక్సులు, వాటిని పట్టుకుని బయటికి నడిచిన మనిషి కళ్ల ముందుకొచ్చారు. తప్పు చేశానే అని మనసు పీకింది. వచ్చిన సెలవురోజున డిపో దగ్గర వాకబు చేసి ఆమె కుట్టు కొట్టు పట్టుకుంది.

"నన్ను గుర్తుపట్టారా అమ్మా?"

"మిమ్మల్ని ఎలా మరిచిపోతాను సిస్టర్. కూర్చోండి" అంది ఆమె, మిషను తొక్కుతూనే.

"ఆ రోజు మీచేత సాక్సులు తీయించాను. తీయించాల్సింది కాదు. ఇప్పుడు మేమే తొడుగుతున్నాం. అప్పట్లో నాకు తెలీదమ్మా."

మిషను ఆగింది. "అంటే, నేను తొడగబట్టి ఆయన పోలేదా?"

అక్క ఏ తప్పు ఒప్పుకుందామని వచ్చిందో, దాన్ని మించిన తప్పు ఇక్కడ ఇన్నేళ్లుగా కూర్చుని ఉంది.

"అయ్యో, కాదమ్మా. మా దగ్గరికి తెచ్చేసరికే ఆయన మెదడు దెబ్బతింది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. కోపంలో నోరు జారాను."

"తెలుసా" అంది ఆమె. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఒళ్లోని గుడ్డను మడతపెట్టి, మళ్లీ విప్పింది. "ఆ రోజు నుంచి మా అత్త నా చేతి ముద్ద ముట్టలేదు సిస్టర్. కొడుకును చేజేతులా చంపానంది. పక్కింటివాళ్లు తెచ్చిపెడితే తినేది. నేనూ నిజమే అనుకున్నాను. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు."

అక్క లేచి నిలబడింది. "పదండి, ఇప్పుడే వెళ్దాం. ఆవిడకు నేనే చెప్తాను. కాళ్లు పట్టుకుని చెప్తాను."

"ఎక్కడికి సిస్టర్? మొన్న ఎండాకాలమే పోయింది."

ఆమె సూదిలోంచి ఊడిన దారాన్ని మళ్లీ ఎక్కించబోయింది. అంతలోనే వదిలేసి, గుడ్డను పక్కన పెట్టేసింది.

"పోయేముందు ఆవిడ పాదాలు కూడా అలాగే చల్లబడ్డాయి. దుప్పటి కప్పబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది."